మా గేమ్స్ మిస్ చెప్పని వరస

ఆ ఉదయం మా వీధి చేతిపంపు పిడికి ఎవరో పాత నైలాన్ చీర పేలిక చుట్టి ఉంచారు. నీలం మీద చిన్న చిన్న తెల్లపూలు. బిందె పెట్టి పంపు కొడుతూ ఆ పూలే చూస్తున్నాను. అప్పుడు మా స్కూలు ఆయా వీధి మలుపు తిరిగి వచ్చింది. ఆమె మా ఇంటివైపు ఎన్నడూ రాదు. దగ్గరికి వచ్చి, కొంగుతో మూతి తుడుచుకుని, గేమ్స్ మిస్ తెల్లవారకముందే పోయారని చెప్పింది. నేను పంపు కొట్టడం ఆపలేదు. బిందె నిండాకే ఆపాను. ఎందుకలా చేశానో తెలియదు.

ఆవిడకు జబ్బుగా ఉందని అందరికీ తెలుసు. కామెర్లు ఒకసారి తగ్గి మళ్ళీ వచ్చాయి. స్కూలుకు సెలవు పెట్టి చాలా కాలమయింది. అయినా ఆవిడ పోతారని నేను అనుకోలేదు.

ఆవిడ గురించి పేపర్లో ఎవరూ రాయరు. నిజానికి ఆవిడ దగ్గర ఆట నేర్చుకున్నవాళ్ళు రాయాలి. వాళ్ళకు పిల్లలు, ఉద్యోగాలు. నేను ఆడలేదు. ఆవిడ పక్కన కూర్చుని చూశాను, అంతే. చూసింది కొంత చెప్పగలను.

మా కాన్వెంటు మద్రాసు రాయపురంలో, హార్బరుకు దగ్గర. తరగతి గదుల వెనక సిమెంటు వేసిన బాస్కెట్‌బాల్ కోర్టు ఉండేది. గాలి సముద్రం వైపు నుంచి మళ్ళిందంటే ఎండుచేపల వాసన కోర్టంతా కమ్ముకునేది. మాలో కోమట్ల ఇళ్ళ పిల్లలు ముక్కు మూసుకునేవాళ్ళు. "బాగా పీల్చండమ్మా, బలం ఊరికే వస్తా ఉంటే ఎందుకు వద్దంటారు" అనేవారు మిస్. ఆవిడా గుడ్డు కూడా ముట్టని ఇంటి మనిషే.

నేను ఆరో తరగతిలో చేరిన ఏడే ఆవిడ మా స్కూలుకు వచ్చారు. తెల్లచీర, తెల్ల కాన్వాసు బూట్లు, మెడలో తాడుకు కట్టిన విజిల్. కుచ్చెళ్ళు ఒక పక్కకు దోపుకుని పిల్లలతో సమానంగా పరుగెత్తేవారు. సిస్టర్లకు అది నచ్చేది కాదు గానీ ఏమీ అనేవాళ్ళు కాదు. ఆవిడ వచ్చాక మా స్కూలు గెలవడం మొదలుపెట్టింది మరి.

గేమ్స్ పీరియడ్లో నేను మెట్ల మీద కూర్చుని లైబ్రరీ పుస్తకం చదువుకునేదాన్ని. ఆడమంటే ఏడుపు వచ్చేది. ఒకరోజు మిస్ నా చేతిలోంచి పుస్తకం తీసుకున్నారు. తిడతారనుకున్నాను. చదువుతున్న పేజీ ఏదో అడిగి, అక్కడ తన బస్సు టికెట్టు పెట్టి, జాగ్రత్తగా మూశారు. నన్ను తీసుకెళ్ళి స్కోరు బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఆడకపోతే పోనీ, తలెత్తి చూడు, అన్నారు.

స్కోరు రాసేవాళ్ళు, ఎవరైనా ఫౌల్ చేస్తే అది ఆమెకు ఎన్నోదో వేళ్ళతో చూపిస్తూ చెయ్యి పైకెత్తాలి. క్లాసులో జవాబు తెలిసినా చెయ్యెత్తని పిల్లను నేను. అక్కడ ఎత్తక తప్పేది కాదు. అందరూ నా వైపు చూసేవాళ్ళు, అయినా నేను సిగ్గుతో చచ్చిపోలేదు. ఆవిడ నాకు చేసిన మేలు అది. అప్పట్లో శిక్ష అనుకున్నాను.

మ్యాచ్ అయిపోయాక నేను రాసిన కాయితం ఆవిడ చూసేవారు కాదు. "నీ కాయితంలో బాల్ వేసినామె పేరే ఉంటాది. ఇచ్చినామె పేరు ఉండదు కదా" అనేవారు. చేతిలో బాల్ లేనప్పుడు ఏం చేస్తున్నావో అదే ఆట అని పిల్లలకు చెప్పేవారు. ఆ మాట నేను బాస్కెట్‌బాల్‌కు సంబంధం లేని చోట్ల కూడా చాలాసార్లు తలుచుకున్నాను.

మా క్లాసులోనే సుగుణ, విజయ ఉండేవాళ్ళు. సుగుణ వాళ్ళమ్మకు విజయ కడగొట్టు చెల్లెలు. తల్లికీ కూతురికీ ఒకే ఏడు పురుడు రావడం మా వ్యాపారస్థుల ఇళ్ళలో అప్పట్లో వింతేమీ కాదు. నిజానికి పుట్టుకలో సుగుణే కాస్త ముందు. అయినా విజయను చిన్నమ్మా అనే పిలిచేది. కోర్టు మీద కూడా అంతే. "చిన్నమ్మా, ఈడ" అని ఒక కేక. "చిన్నమ్మా, ఆడ చూడు" అని ఇంకో కేక. ఎదుటి జట్టు పిల్లలకు నవ్వొచ్చేది. వాళ్ళు నవ్వుతూ ఉండగానే బాల్ దాటిపోయేది.

విజయ పొడుగు. రింగు కింద నిలబడి వేసేది. సుగుణ పొట్టి. ఎవరు ఎటు పోతారో, బాల్ ఎవరికి ఎప్పుడు అందాలో దానికి ముందే తెలిసేది. నా కాయితంలో విజయ పేరు పక్కన గీతలు నిండుగా ఉండేవి, సుగుణ పక్కన తక్కువ. ఆట చూసినవాళ్ళెవరైనా సుగుణే ఆడిస్తోందని చెప్తారు. కాయితం చదివినవాళ్ళు చెప్పలేరు.

కాన్వెంటులో అన్నిటికీ ర్యాంకే. నెలనెలా ర్యాంకు కార్డు ఇంటికి వెళ్ళి నాన్న సంతకంతో తిరిగి రావాలి. చేతిరాతకు ఫస్టు, సెకండు. ప్రార్థన పాటకు ఫస్టు, సెకండు. బాస్కెట్‌బాల్ కూడా తప్పించుకోలేదు. స్కూళ్ళ పోటీలు ముగియగానే, సాయంకాలం వచ్చే ఒక పేపరు ఊళ్ళోని మంచి ఆటగత్తెలంటూ పేర్లు వరసగా వేసేది. పరీక్షలయ్యాక కాలేజీల్లో ఆటలు చూసుకునే మేడమ్‌లు స్కూళ్ళకు కబురు పెట్టేవారు, మీ పిల్లలను వరసలో పెట్టి చెప్పండి అని. ఆ వరసను బట్టి ఆట కింద సీట్లు ఇచ్చేవారు. మిగతా స్కూళ్ళు చెప్పేవి. మా మిస్ చెప్పేవారు కాదు. ఇంగ్లీషు అక్షరాల క్రమంలో పేర్లు పంపి, వచ్చి చూసుకోండి అనేవారు. హెడ్ సిస్టర్ పిలిచి అడిగితే, ఐదుగురు కలిసి ఆడే ఆటలో ఫస్టు ఎవరని చెప్పేది సిస్టర్, అని మిస్ అన్నారట.

మేమంతా దానికి గర్వపడేవాళ్ళం. ఒక ఏడు పేపర్లో మొదటి పేరు మైలాపూరు వైపు స్కూలు అమ్మాయిది. ఆ అమ్మాయి మా కోర్టుకు ఆడడానికి వస్తే చూడాలని చిన్న క్లాసుల పిల్లలు కిటికీలకు వేలాడారు. సుగుణ ఆ అమ్మాయిని కదలనివ్వలేదు. ఎటు తిరిగినా ముందే అక్కడుంది. మేం గెలిచాం. ఆ రోజుతో మాకు పేపరు ర్యాంకుల మీద నమ్మకం పోయింది. కానీ జూన్ వచ్చేసరికి మంచి కాలేజీలో సీటు ఆ అమ్మాయికే వచ్చింది. వరస తప్పు కావచ్చు. దాన్ని చూసి ఇచ్చిన సీటు మాత్రం నిజం. ఈ సంగతి నాకు అప్పుడు తోచలేదు. మిస్‌కు తోచిందో లేదో తెలియదు.

మేం ఎస్.ఎస్.ఎల్.సి. చదివే ఏడు సుగుణకు అలాంటి సీటు ఒకటి కావలసి వచ్చింది. వాళ్ళ నాన్న కొత్తవాల్ చావడిలో ఒక మిరపకాయల మండీలో గుమాస్తా. సుగుణ మార్కులు అంతంత మాత్రం, వాటితో కాలేజీలో చోటు దొరకదు. ఆట మీద సీటు వస్తే చదివిస్తాను, రాకుంటే ఆగస్టులో వచ్చే ఆవణి నెలలో మేనమామకిచ్చి చేసేస్తాను అని వాళ్ళ నాన్న చెప్పేశారు. మేనమామ అంటే విజయకు సొంత అన్న. మంచివాడే. సుగుణకు అతనంటే అయిష్టం లేదు. కానీ ఇప్పుడే వద్దు. "కాలేజ్ కోర్టుకి లైట్లుండాయంట. పొద్దుపోయినాక కూడా ఆడొచ్చంట" అని నాతో చెప్పింది. ఆ ఒక్క సంగతే చాలాసార్లు చెప్పింది.

విజయకు ఆ చింత లేదు. మార్కులు బాగా వచ్చేవి, ఏ కాలేజీ అయినా పిలిచి ఇస్తుంది.

కోడంబాక్కం దాటాక ఉండే ఒక ఆడపిల్లల కాలేజీ, ఆ ఏడు ఊరికి ఉత్తరం వైపు స్కూళ్ళన్నిటి నుంచీ కలిపి ఒక్క పిల్లను బాస్కెట్‌బాల్ కింద తీసుకుంటామన్నది. మా మిస్ మామూలుగానే వచ్చి చూసుకోమన్నారు. ఆ కాలేజీ మేడమ్ నిజంగానే వచ్చారు. ఆవిడది కృష్ణా జిల్లా. మద్రాసుకు కొత్త. మిస్ తెలుగువారని తెలియగానే ఆవిడ ముఖం విప్పారింది. పొద్దున లేస్తే అరవం వినీ వినీ చెవులు బరువెక్కాయండీ అన్నారు. ఇద్దరూ నా బల్ల పక్కనే కుర్చీలు వేసుకుని కూర్చున్నారు.

సుగుణ ఆ రోజు ఆడినంత బాగా ఎప్పుడూ ఆడలేదు. "చిన్నమ్మా" అని కేక వినిపించేది. విజయ తిరిగేసరికి బాల్ ఆమె చేతుల్లో ఉండేది. మేడమ్ ముందుకు వంగి చూశారు. కాసేపయ్యాక మిస్ వైపు తిరిగారు.

"ఆ చిన్నమ్మ, ఈ పొట్టమ్మాయి. వీళ్ళిద్దరి వరసేంటండీ?"

మిస్ నవ్వారు. "చూస్తే అట్లా అనిపించదు గానీ, విజయే వరసలో పెద్దదండీ. సుగుణ దాని తరవాతే."

"అలాగా," అన్నారు మేడమ్. "నేను ఇంకోలా అనుకున్నాను."

"అందరూ అట్లే అనుకుంటారు."

నేనూ విన్నాను. నాకూ అందులో వింతేమీ కనపడలేదు. మా ఇళ్ళలో వరస అంటే ఒకటే. ఎవరు ఎవరికి ఏమవుతారు, ఎవరు ఎవరిని ఏమని పిలవాలి. కోర్టు నిండా చిన్నమ్మా చిన్నమ్మా అని వినపడుతుంటే, ఆ ప్రశ్నకు ఇంకో అర్థం ఉంటుందని మాకు తట్టదు. మేడమ్ వాళ్ళ వైపు అమ్మ చెల్లెల్ని పిన్ని అంటారు. చిన్నమ్మ అంటే విజయ ముద్దుపేరు అనుకున్నారావిడ. ఆవిడ అడిగింది ఆటలో వరస. ఏ పిల్లకూ ఎన్నడూ వరస చెప్పని మా మిస్, ఆ రోజు నవ్వుతూ, తనకే తెలియకుండా చెప్పేశారు.

సీటు ఇచ్చామన్న కార్డు విజయకు వచ్చింది. విజయ దాన్ని పట్టుకుని మిస్ దగ్గరికి పరుగెత్తుకు వచ్చింది. ఇది సుగుణకు రావలసింది, పేరు మార్చి వేశారేమో చూడండి, అని అడిగింది. మిస్ కార్డు చదివారు. తిప్పి వెనక వైపు కూడా చూశారు, అక్కడ ఏమీ లేదు. "ఆమె అడిగిన వరస అదా" అన్నారు.

మరునాడు నన్ను వెంటబెట్టుకుని ఆ కాలేజీకి బయలుదేరారు. ఆట చూసినదానివి, నువ్వూ ఉండు అన్నారు. బీచ్ స్టేషన్లో ఎలక్ట్రిక్ రైలెక్కాం. ఆడవాళ్ళ పెట్టెలో మాకెదురుగా సినిమాల్లో గుంపు వేషాలకు వెళ్ళే అమ్మాయిలు కూర్చున్నారు. ముఖాలకు అప్పటికే పౌడరు. ఆ రోజు ఎవరిని ఉంచుతారో, ఎవరిని పంపేస్తారో మాట్లాడుకుంటున్నారు. ముందు వరసలో నిలబెడితే చాలునని ఒకామె అన్నది. మిస్ ఆమె వైపు చూసి, మళ్ళీ కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయారు.

మేడమ్ మమ్మల్ని ఆదరంగా కూర్చోబెట్టారు. సంగతి వినగానే మొదట నవ్వారు. చిన్నమ్మంటే పిన్ని అనా, అన్నారు. తరువాత నవ్వు ఆగిపోయింది. పేరు ప్రిన్సిపాల్ గారికి ఇచ్చేశానన్నారు. ఇద్దరినీ తీసుకోమని మిస్ అడిగారు. ఒక్క సీటే ఉందన్నారు మేడమ్. విజయ తానే వద్దంటుందని మిస్ చెప్పారు. అప్పుడది ఇంకో స్కూలు ఫస్టు పిల్లకు వెళ్ళిపోతుంది, మీ రెండో పిల్లకు రాదు, అన్నారు మేడమ్. కాసేపు ఆలోచించి బల్ల మీదికి వంగారు.

"మీరు ఒక్క మాట చెప్పండి. సుగుణ ఫస్టు, విజయ సెకండు అని. ఇప్పుడే వెళ్ళి ప్రిన్సిపాల్ గారిని అడుగుతాను."

"సుగుణకు ఈ సీటు కావాలండీ. విజయకు ఇది లేకున్నా జరుగుతాది."

"అవసరం గురించి కాదండీ నేనడిగేది. ఆట గురించి. ఎవరు ఫస్టు?"

మిస్ కిటికీ వైపు తిరిగారు. కిటికీలోంచి వాళ్ళ కోర్టు కనిపిస్తోంది. నిజంగానే నాలుగు మూలలా లైటు స్తంభాలున్నాయి. నేను ఆవిడ పెదవులే చూస్తున్నాను. సుగుణ అనండి మిస్, అని లోపల అనుకుంటున్నాను. ఆవిడ మెడలోని విజిల్ తాడును వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ ఉన్నారు.

"ఇద్దరూ కలిసి ఉంటేనే అండీ ఆ ఆట," అన్నారు చివరికి. "విజయ లేకుంటే సుగుణ బాల్ ఎవరికి ఇస్తాది? ఒకతి ముందు, ఒకతి వెనక అని నేను చెప్తే అది అబద్ధం."

మేడమ్ తల ఊపారు. ఆవిడలో కోపమేమీ లేదు. అయితే నేను చేయగలిగింది లేదండీ అని, మాకు కాఫీ తెప్పించారు. మిస్ తాగారు. నేను తాగలేకపోయాను.

తిరిగి వచ్చేటప్పుడు కోడంబాక్కం ప్లాట్‌ఫాం మీద రైలు కోసం నిలబడి ఉండగా, నా వైపు చూడకుండా, "ఒక్క మాట కదా. చెప్పేసి ఉండొచ్చు" అన్నారు మిస్. రైలు వచ్చింది, ఎక్కాం.

ఆవణిలో సుగుణ పెళ్ళి జరిగింది. మిస్ వచ్చారు. ఒక మూల కూర్చున్నారు. తాళి కట్టాక పెద్దవాళ్ళు ఇకనుంచి ఎవరు ఎవరిని ఏమని పిలవాలో చెప్తున్నారు. "నిన్నటిదాకా నన్ను చిన్నమ్మా అన్నావు. ఇప్పుడు నేను నిన్ను వదినా అనాల. నీదే పై వరస అయిపోయింది పో" అన్నది విజయ. అందరూ నవ్వారు. సుగుణ కూడా నవ్వింది. నేను మిస్ కోసం చూశాను. ఆవిడ గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటున్నారు. భోజనానికి ఉండలేదు.

విజయ ఆ కాలేజీలో ఆడింది. బాగానే ఆడిందంటారు. "రింగు కింద చేతులు చాపుకొని నిలబడతా. బాల్ మాత్రం రాదు" అని నాతో ఒకసారి అన్నది. ఇప్పుడు బ్యాంకులో ఉద్యోగం.

మరుసటి ఏడు నుంచి మా మిస్ వరస చెప్పడం మొదలుపెట్టారు. పేర్ల ముందు ఒకటి, రెండు, మూడు అని వేసి పంపేవారు. కాలేజీలవాళ్ళు సంతోషించారు. మా స్కూలు పిల్లలకు సీట్లు వచ్చాయి. ఇప్పుడు నేను పనిచేసే లైబ్రరీలో నా పక్కన కూర్చునే అమ్మాయి అలా చదువుకున్నదే. మిస్ నన్ను మొదటి పేరుగా పంపకపోతే నేనేడ ఉండేదాన్నో అంటుంది. ఆ మాట కాదనలేను.

కానీ కోర్టు మీద ఆట మారింది. నేను కాలేజీలో చదివే రోజుల్లో సెలవులకు వెళ్ళి నా పాత బల్ల దగ్గర కూర్చునేదాన్ని. పిల్లలు తమకెన్నో నంబరు వస్తుందోనని మిస్ ముఖం చూస్తూ ఆడేవాళ్ళు. బాల్ చేతికొస్తే వదిలేవాళ్ళు కాదు. ఇచ్చినామె పేరు ఎక్కడా ఉండదని వాళ్ళకు అర్థమయిపోయింది. మిస్ విజిల్ ఊది ఆపేవారు, మళ్ళీ ఆడించేవారు, పాస్ పాస్ అని అరిచి అరిచి గొంతు పోగొట్టుకునేవారు. ఒకసారి వచ్చి నా పక్కన కూర్చుని, కొంగుతో మెడ తుడుచుకుంటూ అన్నారు. "అప్పుడు చెప్పకుండా ఒకదాన్ని చెడిపినా. ఇప్పుడు చెప్పి అందరినీ చెడుపుతా ఉండా."

నవ్వుతూనే అన్నారు. అలా కాదు మిస్ అని నేను అనలేదు. సగం అబద్ధం అవుతుందనిపించింది. ఆ విషయంలో నేను ఆవిడ దగ్గర చదువుకున్నదాన్నే.

వరసలకు విలువ ఉందా లేదా అంటే నేనిప్పటికీ చెప్పలేను. ఉంది అంటే కోర్టు మీద సుగుణ కనిపిస్తుంది. లేదు అంటే నా పక్క కుర్చీలో అమ్మాయి కనిపిస్తుంది. మిస్ రెండు దారులూ నడిచి చూశారు. రెండింటిలోనూ ఆవిడకు సంతోషం దొరకలేదన్నదే నాకున్న బాధ.

జబ్బు పడ్డాక రెండు మూడు సార్లు చూడడానికి వెళ్ళాను. పుస్తకాలు ఏం చదువుతున్నానో అడిగేవారు. నేను లేచేటప్పుడు, అప్పుడే గుర్తొచ్చినట్టు, "ఆ పాప ఎట్లుండాది?" అనేవారు. పేరు చెప్పేవారు కాదు. బాగుంది మిస్ అనేదాన్ని. సరి, సరి, అని కళ్ళు మూసుకునేవారు.

ఆయా చెప్పిన ఆ ఉదయం నేను వెళ్ళేసరికి వాళ్ళ సందంతా ఆడపిల్లలే. స్కూలు బట్టల్లో ఉన్న ఇప్పటి జట్టు, చంకల్లో పిల్లలతో పాత జట్లు. విజయ బ్యాంకుకు సెలవు చెప్పి వచ్చింది. సుగుణ వ్యాసర్పాడి నుంచి ఇద్దరు పిల్లలను తీసుకుని వచ్చింది. అక్కడ రైలు యార్డు పక్కన ఆమె భర్తకు కొట్టు ఉంది. నా పక్కనే నిలబడింది. ఆమెకు మిస్ మీద కోపం లేదని ఎప్పుడూ అనలేదు. ఉందనీ అనలేదు.

యూనిఫాంలో ఉన్న ఒక పిల్ల సుగుణను అడిగింది. "మీరు కూడా మిస్ దగ్గర ఆడినారా అక్కా? ఎన్నో నంబరు?"

"మా అప్పుడు నంబర్లు లేవు మా," అన్నది సుగుణ. చిన్న పిల్లాణ్ణి ఇంకో చంకకు మార్చుకుంది.

లోపల మిస్ వాళ్ళమ్మ గోడకు ఆనుకుని కూర్చున్నారు. ఏడవడం లేదు. వచ్చిన ప్రతి పిల్లనూ ఏమైనా తిని వచ్చావా అని అడుగుతున్నారు. ఎవరో పెద్దావిడ వంగి, వయసెంతమ్మా అంటే, పోయిన నెలతో ముప్పై ఆరు నిండాయని చెప్పారు.

కాలేజీలో ఆ మేడమ్ ఎదుట కూర్చున్న రోజు మా మిస్‌కు ఇరవై ఆరేళ్ళు. ఇప్పుడు నాకూ అంతే.